రెబెకా పాటలో ఖాళీ జాగా

ఆ శనివారం పొద్దున రెబెకా అనుకున్న పని చాలా చిన్నది. నీళ్ల ట్యాంకరు వచ్చేలోపు వాయించే ముగ్గురికీ మూడు కాగితాలు పంచాలి. సాయంత్రం చర్చిలో ఒకసారి కలిసి వాయించి చూసుకోవాలి. మర్నాడు సంఘ వార్షికోత్సవంలో పాట వినిపించాలి. అంతే. దీనికి మధ్యలో టిఫినుకు ఉగ్గాని చేయడం తప్ప వేరే అడ్డంకి ఏదీ ఆమెకు కనిపించలేదు.

రెబెకా జాకెట్లు కుడుతుంది. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. గార్లదిన్నె చుట్టుపక్కల చర్చిల్లో వార్షికోత్సవమంటే పెన్‌డ్రైవులోని పాట పెట్టి, దాని మీద అందరూ గొంతు కలపడమే. ఈ ఏడు మాత్రం ఆమె సొంతంగా ఒక పాట కట్టింది. మిషను తొక్కుతూ ఉంటే ఆ పాట అన్ని వాద్యాలతోనూ తల్లో మోగుతోంది. ఒక్కసారి చెవులతో వినాలని ఆశ. సంఘపెద్ద తిప్పయ్య ఒప్పుకున్నాడు కానీ తేల్చి చెప్పాడు.

"బాగుంటే సరే. బాగలేకపోతే ఇంగ నీ పాటా వద్దు, నీ కీబోర్డూ వద్దు. ఎప్పటికీ పెన్‌డ్రైవే."

అందుకే వాద్యాలకు పాట పంచే విద్యను ఫోనులో నేర్చుకుంది. నేర్పే మాస్టారు ప్రతి పాఠంలోనూ ఒకే మాట చెప్పేవాడు. అన్నీ ఒకేసారి మోగితే అది పాట కాదు, బస్టాండు. ఎవరు ఎప్పుడు వాయించకూడదో తెలిసినవాళ్లే పాట కట్టగలరు. రెబెకాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, పాత క్యాలెండరు కాగితాల వెనక గళ్లు గీసి, వాయించాల్సిన గడికి ఎర్ర రంగు పూసి, ఊరుకోవాల్సిన గడిని ఖాళీగా వదిలింది. చాలా గళ్లు ఖాళీగానే వదిలింది.

మొదటి కాగితం మొగుడు జోయల్‌ది. బోరు మోటార్లు బాగుచేస్తాడు, ఆదివారం డోలక్ వాయిస్తాడు. ఉగ్గాని తింటూ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేందే, నా కాగితంలో ఏమీ ల్యాదు?"

"ఉండాది చూడప్పా. మూడో చరణంలో అన్నీ ఎర్ర గళ్లే గదా."

"దానికి ముందు?"

"ఖాళీ."

"ఖాళీలో నేనేం చేయల్ల?"

"ఊరుకోవల్ల."

"డోలక్ ఒళ్లో పెట్టుకోని ఊరుకోవల్లా? జనం ఏమనుకుంటారు? వీనికి చెయ్యి పడిపోయిందనుకోరా?"

"ఊరుకునేది గూడా సంగీతమే అంట. మాస్టారు చెప్పినాడు."

"ఇంట్లో నోరు మూసుకోమంటావు. చర్చిలో చేతులు గూడా మూసుకోమంటావా?"

జోయల్ రెండోసారి ఉగ్గాని పెట్టించుకోకుండానే లేచిపోయాడు. పెళ్లయ్యాక అలా జరగడం అదే మొదలు.

రెండో కాగితం అత్తగారు కదిరమ్మది. చర్చి కట్టకముందు నుంచీ ఆ సంఘంలో తాళాలు కొట్టేది ఆమే. ఆమెకు చదువు రాదు కానీ ఎర్ర రంగు కనిపిస్తుంది.

"నాకు ఒక్కటేనా?"

"చివర్న అత్తా. పాటంతా అయిపోయినాక ఒక్కటే దెబ్బ. అందరూ అదిరిపోతారు."

"అయిపోయినాక ఏంటికి? జనం చెప్పులేసుకుంటా ఉంటే కొట్టల్లనా?"

అంతలో ట్యాంకరు హారను వినిపించింది. కదిరమ్మ బిందె చంకనెత్తుకుని వీధిలోకి పోయింది. ట్యాంకరు దగ్గర ఆమె అన్నది ఒక్క మాటే, కోడలు తాళాలు కొట్టొద్దంటోందని. పైపు పక్క వీధికి చేరేసరికి ఆ మాట, కదిరమ్మను చర్చికి రావద్దన్నారని అయింది. ట్యాంకరు ఖాళీ అయ్యేసరికి తిప్పయ్య నుంచి ఫోను వచ్చింది.

"ఏమ్మా రెబెకా, కదిరమ్మక్క రాప్తాడు సంఘంలో చేరుతాందంటనే? వార్షికోత్సవం నాడే చేరల్లనా?"

ఆయనకు జవాబు చెప్పేలోపు యేసన్న వచ్చాడు. మూడో కాగితం ఆయనదే, పెళ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదే మనిషి. జోయల్ దారిలో కనిపించి కాగితాల సంగతి చెప్పేశాడు. యేసన్న తువ్వాల్లో చుట్టిన ట్రంపెట్‌ను పసిబిడ్డలా ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రెబెకమ్మా, పెండ్లికొడుకు గుర్రం దిగేదాకా దీన్ని పెదవి మీంచి దించినోన్ని కాదు నేను. నన్ను రెండు చరణాలు గమ్మునుండమంటావా? వజ్రకరూరు నుంచి మా బీగరు వస్తాండారు. పాటంతా నాదేనని చెప్పిన్యా. కూతురు మామ ముందర నన్ను గోడకానిచ్చి కూచోబెడతావా?"

యేసన్న రాకపోతే ట్రంపెట్ లేదు. ట్రంపెట్ లేకపోతే రెబెకా తల్లో మోగే పాట లేదు. రెండో చరణానికీ మూడో చరణానికీ నడుమ ఊపిరి పీల్చుకోవడానికని ఆమె కొంత జాగా వదిలింది. కళ్లు మూసుకుని ఆ జాగా ఇచ్చేసింది.

"ఆడ నువ్వొక్కనివే మామా. మిగతావాళ్లంతా ఊరుకుంటారు. నీ ఇష్టమొచ్చినట్ల ఊదుకో. ఎవురికీ చెప్పొద్దు."

యేసన్న ట్రంపెట్‌ను ముద్దు పెట్టుకుని వెళ్లిపోయాడు. లోపల కదిరమ్మ కూతురింటికి పోతానని చీరలు సంచిలో సర్దుతోంది. ఆ చీరలను సంచిలోంచి తీయించడానికి రెబెకా అదే జాగాను అత్తకూ ఇచ్చింది. మధ్యాహ్నం అన్నానికి రాకుండా అరుగు మీద మొహం మాడ్చుకుని కూర్చున్న మొగుడికీ ఇచ్చింది. మొదటి అబద్ధానికి ఆమె నాలుక తడబడింది. మూడోది మాత్రం చాలా రోజులుగా చెబుతున్నట్టు సాఫీగా వచ్చేసింది. కొద్దిసేపు ముగ్గురూ కలిసి బస్టాండు చేసినా, మూడో చరణం వచ్చి దాన్ని కప్పేస్తుందని ఆమె ధైర్యం.

సాయంత్రం చర్చిలో ఆ జాగా వచ్చింది. యేసన్న చెంపలు పొంగాయి, జోయల్ చేతులు దుమికాయి, కదిరమ్మ తాళాలు భళ్లుమన్నాయి. ఆ వెంటనే ముగ్గురూ ఆగి, ఇల్లు దోచిన దొంగను చూసినట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమప్పా, నా జాగాలోకి వచ్చినావేంటికి?" అన్నాడు యేసన్న.

"నీ జాగానా? నాకిచ్చింది!" అన్నాడు జోయల్.

"మీ ఇద్దరూ యాడ నుంచి వచ్చినార్రా? అది నాది!" అంది కదిరమ్మ, తాళాలు కొడుకు మొహం మీదికి ఊపుతూ.

"చేన్ల కాడే అనుకుంటి, పాటలో గూడా గట్ల తగాదాలేనా!" అని తిప్పయ్య లేచాడు. "చాలు. రేపు పెన్‌డ్రైవే."

రెబెకా కీబోర్డు మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చేసింది. మిషను ముందు కూర్చుని ఎవరి జాకెట్టుకో మెడ ఉండాల్సిన చోట చెయ్యి కుట్టేసింది. అన్నం తినలేదు. పెళ్లాం అరిస్తే ఏం చేయాలో జోయల్‌కు బాగా తెలుసు. అరవకపోతే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. తల్లీ కొడుకూ వంటింట్లో గుసగుసగా ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఆదివారం పొద్దున ఇంట్లో అనుమానించదగ్గ శాంతి. నీళ్లు జోయల్ మోసుకొచ్చాడు. కదిరమ్మ అడగకుండానే ఊరిబిండి పచ్చడి నూరింది. యేసన్న వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లం గుమ్మంలో పెట్టి, మొహం చూపకుండా వెళ్లిపోయాడు. తర్వాత తిప్పయ్య వచ్చాడు.

"ముగ్గురూ వేరే వేరేగా వచ్చి నన్ను బతిమాలినారమ్మా. ఒక్క అవకాశం. ఏమన్నా తేడా వస్తే నడి పాటలోనే పెన్‌డ్రైవు పెడతా."

చర్చి నిండిపోయింది. అనంతపురం నుంచి అతిథిగా వచ్చిన పాస్టరు ముందు వరసలో కూర్చున్నాడు. తిప్పయ్య సౌండు బాక్సు పక్కనే పెన్‌డ్రైవు పట్టుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండోదీ నడిచింది. జాగా వచ్చింది. రెబెకా కీబోర్డు మీంచి చేతులెత్తి, బస్టాండు కోసం పళ్లు బిగబట్టింది.

ఏమీ మోగలేదు.

జోయల్ ఎత్తిన చేతులు దించి, తల్లి వైపు చూసి, కానీమన్నట్టు తలూపాడు. కదిరమ్మ తాళాలు ఒళ్లో పెట్టుకుని యేసన్నకు సైగ చేసింది. యేసన్న ట్రంపెట్ దించి, ముందు నువ్వే అన్నట్టు జోయల్‌కు చెయ్యి చూపించాడు. జోయల్ మళ్లీ తల్లి వైపు చూశాడు. ఫ్యాను కిర్రుమంటోంది. బయట ఎవరిదో మేక అరిచింది. తిప్పయ్య పెన్‌డ్రైవును బాక్సు దగ్గరికి తీసుకుపోయాడు.

సరిగ్గా అప్పుడే అతిథి పాస్టరు కళ్లు మూసుకుని తల వంచాడు. ఆయన్ని చూసి ముందు వరస తల వంచింది. దాన్ని చూసి వెనక వరసలు మోకరించాయి. అంతమంది ప్రార్థనలో ఉండగా తాను కళ్లు తెరుచుకుని ఉంటే బాగుండదని తిప్పయ్య కూడా కళ్లు మూసుకున్నాడు. రెబెకా చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఎవరో వెక్కి ఏడ్చారు. ఆ ఊళ్లో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎవరూ విని ఎరగరు.

చాలాసేపటికి పాస్టరు ఆమెన్ అన్నాడు. రెబెకా చేతులు వాటంతటవే మూడో చరణం అందుకున్నాయి. ట్రంపెట్, డోలక్ ఒక్కసారి వచ్చి పడ్డాయి, చివర్న తాళాలు ఒక్క దెబ్బతో అదరగొట్టాయి. అది ఆమె తల్లో మోగిన పాటే. అంత నిశ్శబ్దం తర్వాత యేసన్న అపస్వరం కూడా తీయగా ఉంది.

"నేను యాడికి పోయినా స్పీకర్లతో చెవులు పగలగొడతారు," అన్నాడు పాస్టరు మైకులో, కళ్లు తుడుచుకుంటూ. "ఈడ దేవుడు మాట్లాడినాడు. ఆ మౌనాన్ని కూర్చినోళ్లు ఎవరో గానీ వాళ్లకు వందనాలు."

తిప్పయ్య పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. పాట రాగం ఎలా ఉందో మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

చర్చి వెనక భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది.

"పాపం, కోడలి మీద అలిగి చీరలు సర్దుకునింది గదా, అమ్మనే కొట్టుకోనీ అనుకుంటి," అన్నాడు జోయల్.

"యేసన్న బీగరొచ్చినారు గదా అని నేనే తగ్గితి," అంది కదిరమ్మ.

"పెండ్లాము అన్నం మానేసిందంట, జోయలే కొట్టనీ అని నేనూరుకున్యా," అన్నాడు యేసన్న. వెంటనే పక్కనున్న బీగరు వైపు తిరిగి గొంతు పెంచాడు. "చూసినావా బావా? ఆ మౌనం మొదలుపెట్టింది నేనే."

"నువ్వా? నీ ట్రంపెట్ గుస్సుమనింది, నేను విన్యా. చప్పుడు చేయకుండా ఊరుకునింది నేనొక్కదాన్నే."

"అమ్మా, నీ గాజులు మోగినాయి. అందరికంటే బాగా ఊరుకునింది నేను."

రెబెకా అన్నం పళ్లెం పట్టుకుని అక్కడి నుంచి జారుకోబోయింది. ముగ్గురూ ఆమెకు అడ్డం తిరిగారు.

"క్రిస్మస్ పాటలో నాకు ఎక్కువ ఖాళీ గళ్లు పెట్టల్ల!"

డిసెంబరు దగ్గర పడుతోంది. పాట తయారైంది, ఎర్ర గళ్లు వాయించడానికే మనుషులు దొరకడం లేదు.