నలభై డ్రమ్ముల జెట్టీ

ఆ బుధవారం పొద్దున యేసురత్నం వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదికి బజారుకు పోయి రబ్బరు వాషర్లు తేవాలి. తొమ్మిదిన్నరకల్లా నలభై డ్రమ్ములకూ మూతలు బిగించాలి. పదకొండుకు నాగేంద్ర లారీ తెస్తాడు. నాలుగింటికి ఎమ్మిగనూరు దిక్కునున్న జలాశయంలో జెట్టీ తేలుతుంది. ఆరుకు ఆదోని తిరిగొచ్చి, ఇంత తిని, పడుకోవాలి. పది రోజులుగా అతనికి సరిగ్గా నిద్ర లేదు.

యేసురత్నం వెల్డరు. ఇరవై ఏళ్ళుగా కిటికీ గ్రిల్లులు, గేట్లు, మిద్దె మెట్లు చేస్తున్నాడు. అవన్నీ నేలమీద ఉండేవి. నీళ్ళమీద ఉండే పని ఇదే మొదటిది. జలాశయంలో పడవలు ఆనే పాత జెట్టీ ఇనుప కాళ్ళమీద చెక్కలు పరిచి కట్టినది. ఎండాకాలం నీళ్ళు దిగిపోతే అది బురదలో ఒంటరిగా నిలబడేది, వానాకాలం నీళ్ళు పెరిగితే మునిగిపోయేది. పోయిన ఏడు ఒక చెక్క విరిగి, చేపల గంప నెత్తిన పెట్టుకుని పడవ దిగుతున్న బసమ్మ అనే ఆమె కాలు విరిగింది. అప్పుడు ప్రార్థన అనే ఇంజనీరు, చెక్కలు మార్చడం కాదు, నీళ్ళతో పాటు పైకీ కిందికీ కదిలే తేలే జెట్టీ కావాలని పట్టుబట్టింది. పాత ఇనుప కాళ్ళు అట్లాగే ఉంటాయి. వాటికి కడియాలు తగిలించి, డ్రమ్ములమీద తేలే ఇనుప చట్రం కట్టాలి. ఆ పని యేసురత్నానికి వచ్చింది.

చట్రాలు బాగానే వచ్చాయి, ముందే గట్టుకు చేరాయి. అతని భయమంతా డ్రమ్ములమీదే. అవి మామిడి గుజ్జు వచ్చిన పాత నీలం డ్రమ్ములు, పైన చిన్న మూత తప్ప అన్నివైపులా మూసి ఉండేవి. కడిగాడు, తట్టాడు, ఎండలో పెట్టి తిప్పితిప్పి చూశాడు. కానీ నీళ్ళలో ముంచి చూద్దామంటే వీధికి నీళ్ళు వచ్చి ఆరు రోజులైంది. పెద్ద పైపు ఎక్కడో పగిలిందన్నారు. తాగడానికే బిందె బిందెకు తగవులాడుకుంటున్న చోట డ్రమ్ములు నానబెడతానంటే వీధి ఊరుకోదు.

"తేల్తాయంటావా?" అని రోజూ అన్నం తినేటప్పుడు భార్యను అడిగేవాడు.

"తేలకపోతే మునుగుతాయి. తిను ముందు" అనేది రూత్. ఆమె వీధి చివర బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె దగ్గర ఓదార్పు అంతకంటే పెద్దగా దొరకదు.

ఆ పొద్దున షాపులో చోటు చాలక డ్రమ్ములు నలభై తెచ్చి వీధిలో రెండు వరుసలుగా నిలబెట్టాడు. మూతలు తీసే ఉన్నాయి. రూత్ అప్పటికే బడికి పోయింది. స్కూటరు ఎక్కుతూ ఎదురింటి సావిత్రమ్మను కేకేశాడు.

"అక్కా, డ్రమ్ములు జూస్తాండు! బజారుకు పోయొస్తా."

"ఇన్ని డ్రమ్ములు యాంటికప్పా?"

"నీళ్ళకే అక్కా!" అన్నాడు యేసురత్నం. స్కూటరు కదిలిపోయింది. "నీళ్ళలోకి" అని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

సావిత్రమ్మ రెండు క్షణాలు ఆలోచించింది. తర్వాత చీపురు అక్కడే పడేసి, "రాణీ! ఓ రాణీ! నీళ్ళొస్తాండాయంట! ఇంటికో డ్రమ్మంట!" అని పక్కింటివైపు పరుగెత్తింది. ఇంటికో డ్రమ్మని ఎవరూ అనలేదు. వీధిలో ఇళ్ళు ముప్పై తొమ్మిది, డ్రమ్ములు నలభై కాబట్టి లెక్క ఆమెకు దానంతటదే కుదిరింది. పావుగంటలో డ్రమ్ములకు సుద్దతో, పసుపుతో పేర్లు పడ్డాయి. మిగిలిన ఒక్కటి మాదంటే మాదని నలుగురు గొంతులు పెంచారు.

ఆ గొంతులకు భీమసేనరావు బయటికి వచ్చాడు. రిటైరైన తెలుగు మాస్టారు, వీధి సంఘానికి కార్యదర్శి. ఆరు రోజుల్లో ఆరు అర్జీలు రాసి పెట్టాడు. వరుసగా నిలబడిన డ్రమ్ములు చూడగానే ఆయన కళ్ళు చెమర్చాయి. తన అర్జీ ఫలించిందనుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి కనుక వెంటనే నీళ్ళ ఆఫీసుకు ఫోను చేశాడు.

"మా వీధికి నలభై డ్రమ్ములు పంపినందుకు ధన్యవాదాలండీ. తమరి ఔదార్యాన్ని పై అధికారులకు కూడా లేఖ ద్వారా తెలియజేస్తున్నాను. నీళ్ళు ఎన్ని గంటలకు పోస్తారో సెలవిస్తే ఆడవాళ్ళు సిద్ధంగా ఉంటారు."

అవతల ఉన్న ఉద్యోగికి ఏ డ్రమ్ముల సంగతీ తెలియదు. కానీ పై అధికారులకు లేఖ అన్న మాట వినిపించింది. ఎవరో పెద్దవాళ్ళు డ్రమ్ములు పంపించి ఉంటారు, నీళ్ళు మాత్రం తన మెడకు చుట్టుకున్నాయి అనుకున్నాడు.

"అర్ధగంటలో సార్. రెండు ట్యాంకర్లు" అన్నాడు.

ఆరు అర్జీలకు కదలని ట్యాంకర్లు ఒక్క ధన్యవాదానికి కదిలాయి.

బజారులో యేసురత్నం మూడో షాపు మెట్లు ఎక్కుతున్నాడు. మొదటి రెండింట్లో ఆ కొలత వాషర్లు లేవు.

"ఏ మోటారుకన్నా?" అన్నాడు షాపతను.

"మోటారుకు గాదు. జెట్టీకి."

"జెట్టికా?" షాపతను కళ్ళజోడు సర్దుకున్నాడు. "కుస్తీ పట్టేటోనికి వాసర్లు యాంటికప్పా?"

ఆ జెట్టి వేరు, ఈ జెట్టీ వేరు అని చెప్పడానికి పది నిమిషాలు, నలభై వాషర్లు ఏరడానికి అరగంట పట్టింది. యేసురత్నం వీధి మలుపు తిరిగేసరికి పదిన్నర దాటింది. వీధంతా తడి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ట్యాంకరు డ్రైవరు సిద్దప్ప లావుపాటి పైపు చుట్టుకుంటున్నాడు.

"ఏమన్నా ఇది?" అన్నాడు యేసురత్నం, స్కూటరు దిగడం కూడా మర్చిపోయి.

"నింపమన్నారు, నింపినా" అన్నాడు సిద్దప్ప. "నలభైకి నలభై. గొంతు దాకా." ఆ మాట చెప్పి రెండో ట్యాంకరు వెనకే వెళ్ళిపోయాడు.

యేసురత్నం ఒక డ్రమ్మును ఊపి చూశాడు. కదల్లేదు. రెండు వందల లీటర్లు. ఇంకోదాన్ని తోశాడు. అదీ కదల్లేదు.

"అక్కా, ఇవి నీళ్ళు పట్టుకునే డ్రమ్ములు గాదక్కా! ఎమ్మిగనూరు పోవాల ఇవి! జెట్టీకి!"

"నువ్వే గదప్పా నీళ్ళకన్నావు?" అంది సావిత్రమ్మ. తన పేరున్న డ్రమ్ముకు వీపు ఆనించి నిలబడింది.

"నీళ్ళమీద తేలేదానికి! లోపల గాలి ఉండాల. నీళ్ళు పోస్తే అది జెట్టీ యాడైతాది?"

భీమసేనరావు మాస్టారికి సంగతి మెల్లగా అర్థమైంది. "అంటే నేను… కృతజ్ఞతలు…" అని అరుగుమీద కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే నాగేంద్ర లారీ వచ్చి హారన్ కొట్టింది. జేబులో ఫోను కూడా మోగింది. ప్రార్థన.

"అన్నా, నేను గట్టు కాడికి వచ్చేసినా. నాలుగింటికి ఇరవై మందిని నిలబెట్టి చూడాల. బసమ్మ గూడా వచ్చింది. డ్రమ్ములు బయల్దేరినాయా?"

"ఇంగ… నింపుతాం… కాదు, ఎక్కిస్తాం మేడమ్" అన్నాడు యేసురత్నం. ఈ పని చెడితే మళ్ళీ గ్రిల్లులే. అంతకంటే, కాలు విరిగిన బసమ్మ అక్కడ గట్టుమీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"పారబోస్తా. వేరే దోవ లేదు" అని ఒక డ్రమ్మును వంచబోయాడు.

వీధి మొత్తం ఒక్కసారి మీదికొచ్చింది. ఆరు రోజుల తర్వాత వచ్చిన నీళ్ళను మోరీలో పోస్తావా అని కొందరు, మా పిల్లోల్లు తానాలు చేసి వారమైందని కొందరు. తప్పు వాళ్ళదీ కాదని యేసురత్నానికి తెలుసు. అందుకే డ్రమ్ముమీద నుంచి చేతులు తీసేశాడు.

గోల బడిదాకా వినిపించి రూత్ గరిటెతోనే వచ్చింది. అటూ ఇటూ ఒకసారి చూసింది.

"నీళ్ళు పారబోసేది లేదు. డ్రమ్ములు ఆగేది లేదు" అంది. "ఇండ్లల్లో ఉండే గిన్నె, గ్లాసు, కుక్కరు, అన్నీ బయటికి రావాల. బడి డేగిసాలు నేను తెస్తా. అయినా మిగిల్తే చర్చిలో బాప్తిస్మం తొట్టి ఎండిపోయి ఉండాది. పాస్టరుకు నేను సెప్తా."

మరో పది నిమిషాలకు వీధి వీధంతా కదిలింది. చిన్న మూతిలోంచి నీళ్ళు గుడగుడమంటూ, బతిమాలినట్టు కొంచెం కొంచెంగా వచ్చేవి. నలుగురు డ్రమ్ము వంచితే ఇద్దరు గిన్నెలు పట్టారు. బడి డేగిసాలు నిండాయి. చర్చి తొట్టి మోకాళ్ళ దాకా నిండింది. భీమసేనరావు మాస్టారు లోపలికి పోయి, పండగలకు తప్ప బయటికి తీయని ఇత్తడి గంగాళాన్ని తానే మోసుకొచ్చి పెట్టాడు.

"నా వల్లే జరిగింది. ఇది నిండాకే నేను కూర్చుంటాను" అన్నాడు.

ముప్పై ఆరు డ్రమ్ములు ఖాళీ అయ్యాయి. ముప్పై ఏడోది సావిత్రమ్మది. వంచగానే సులువుగా ఒరిగింది. తట్టి చూస్తే పైసగం డొల్ల.

"నా నీళ్ళు యాడ పోయినాయి?" సావిత్రమ్మ గొంతుకు లారీ హారన్ కూడా ఆగింది. "ఎవురో పైపేసి లాక్కున్నారు! రాణీ, నువ్వే గదా పక్కన నిలబడింది?"

"నేనా? నాదీ సగమే ఉండాది సూడు!" అంది రాణి. రాణి డ్రమ్ము ముప్పై ఎనిమిది. నలభయ్యోదీ అంతే. నీళ్ళదొంగ ఎవరని ఇద్దరూ కొంగులు బిగించారు.

యేసురత్నం ఆ మాటలు వినడం లేదు. మోకాళ్ళమీద కూర్చుని డ్రమ్ము అడుగు చూస్తున్నాడు. అంచు దగ్గర వెంట్రుకంత పగులు. అందులోంచి నీళ్ళు సన్నని ధారగా కారి తడి నేలలో కలిసిపోతున్నాయి. రాణి డ్రమ్ముకూ అదే చోట. నలభయ్యోదానికీ అదే చోట. మూడూ ఒకే రోజు, ఒకే చోట కొన్నవి. ముప్పై ఏడు నుంచి నలభై దాకా జెట్టీ చివర కొసకు పెట్టాలని తన చేత్తోనే నెంబర్లు వేశాడు. పడవలు ఆనేది ఆ కొసకే. గంపలెత్తుకుని ఆడవాళ్ళు కాలు పెట్టేది ఆ కొసమీదే.

అతను అట్లాగే తడి నేలమీద చతికిలబడ్డాడు. రూత్ భుజం పట్టుకుని ఊపింది.

"ఏమైంది?"

"కారతాండాయి రూతూ. మూడు. తట్టినప్పుడు తెలీలేదు, ఎండలో తెలీలేదు." అని ఏడుపో నవ్వో తెలియని శబ్దం ఒకటి చేశాడు. "ఈళ్ళు నీళ్ళు పోయకుంటే బసమ్మ మళ్ళా పడేది."

సావిత్రమ్మ కొంగు వదిలేసి వంగి ఆ పగులు చూసింది, వేలితో తడిమి చూసింది. ఇంట్లోకి పోయి, మిద్దెమీద నీళ్ళు పట్టుకునే, అట్లాంటివే తన రెండు నీలం డ్రమ్ములు దొర్లించుకుంటూ వచ్చింది.

"నాలుగేండ్లుగా వాడతాండా. సుక్క కారలేదు. ఇవి తీస్కపో" అంది.

మూడోది భీమసేనరావు ఇంటి మిద్దెమీద నుంచి దిగింది. ఆయన రాణి చేత దాన్ని మూడుసార్లు తుడిపించాడు.

వాషర్లు వేసి మూతలన్నీ బిగించాక లారీ ఒంటిగంటన్నరకు కదిలింది. తన డ్రమ్ముల మంచిచెడ్డలు తనే చూసుకోవాలని సావిత్రమ్మ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

నాలుగున్నరకు జెట్టీ నీళ్ళలోకి దిగింది. కడియాలు పాత ఇనుప కాళ్ళకు తగిలించారు. ప్రార్థన ఇరవై మందిని ఒక్కొక్కరినే ఎక్కించింది. జెట్టీ బెత్తెడు దిగి ఆగింది. బసమ్మ చివర కొస దాకా కుంటుతూ నడిచి వెళ్ళి, అక్కడ రెండుసార్లు గట్టిగా కాలు తాటించింది. కదల్లేదు. వెనక్కి తిరిగి యేసురత్నాన్ని చూసి నవ్వింది. పది రోజుల తర్వాత అతని భుజాలు మొదటిసారి కిందికి దిగాయి.

"డ్రమ్ములు లీకు లేవని ఎట్ల చూసినావన్నా?" అని ప్రార్థన కాగితం తీసింది.

యేసురత్నం సావిత్రమ్మవైపు చూశాడు. సావిత్రమ్మ నీళ్ళవైపు చూసింది.

"ఒక్కో దాంట్లో నిండా నీళ్ళు పోసి, రెండు గంటలు నిలబెట్టి, ఒక్కో దానికి ఒక్కో మనిషిని కాపలా పెట్టినాము మేడమ్" అన్నాడు యేసురత్నం.

ప్రార్థన కలం ఆగింది. ఇంత శ్రద్ధగా పని చేసిన వాళ్ళను తన సర్వీసులో చూడలేదంది. ఆ పద్ధతినే మిగతా జెట్టీలకూ పాటించాలని నివేదికలో రాసింది.

నెల తిరక్కుండా ఇంకో రెండు జెట్టీల పని యేసురత్నానికే వచ్చింది. ఆ డ్రమ్ముల పరీక్ష ఏ రోజో ముందుగా చెబితే ఉతకాల్సిన బట్టలు ఆ రోజుకు దాచుకుంటామని వీధి సంఘం తీర్మానం చేసింది.