అతుకు ఆరేదాకా

మే నెల ఆదివారం. గంగాధరం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ రోజు జరగబోయేదంతా భార్యకు వినిపించాడు.

"వచ్చినవాళ్లు గెస్ట్‌హౌస్‌లో స్నానాలు చేస్తుంటారు. ఈలోగా నేను ముసునూరు వెళ్లి మీ తమ్ముడి తోటలో రసాలు తెచ్చేస్తాను. పదింటికి సభ. మొదట మాట్లాడేది నేనే."

"ఆ బోరు కథేనా?" అంది జగదాంబ.

"కథ కాదే, అనుభవం."

"ఏదైనా కాస్త తొందరగా ముగించండి. నాకు చెప్పినప్పుడు మీరింకా మోటారు దగ్గరికి వెళ్లకముందే నాకు నిద్రొచ్చేసింది."

మామిడి తోటల మధ్య ఉన్న యూనివర్సిటీలో గంగాధరం మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. నీళ్లు రాకపోతే అందరూ అతనికే ఫోన్ చేస్తారు. నీళ్లు వస్తున్నాయని చెప్పడానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు. అక్కడ ఫిజిక్సు వాళ్లకు సదస్సులు, తెలుగు వాళ్లకు సదస్సులు, ఆఖరికి లైబ్రరీ వాళ్లకూ సదస్సులే. అన్నిటికీ కుర్చీలు వేయించి, మైకు పెట్టించి, గంగాధరం తలుపు బయట నిలబడేవాడు. లోపల ఒకరు చెబుతుంటే ఇంకొకరు తలూపడం చూసి, తన మాటకు అలా తలూపే మనిషి ఎక్కడున్నాడో అనుకునేవాడు.

ఆ మనుషులు వాట్సాప్‌లో దొరికారు. యూనివర్సిటీల్లో నీళ్లూ కరెంటూ చూసేవాళ్ల గ్రూపు అది. ఒకసారి గంగాధరం మోటారు మూలుగుతోందని పెడితే, గుంటూరు వైపు నుంచి శౌరి అనే అతను, ఈనబోయే గేదెలానా, జ్వరమొచ్చిన మనిషిలానా అని అడిగాడు. ఆ ప్రశ్నను గంగాధరం రెండుసార్లు చదువుకున్నాడు. అంత సరైన మాట తనను ఎవరూ అడిగి ఉండలేదు.

వాళ్లను ఒక్క రోజు ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి. బోరు ఎండిపోయిన ఆ వేసవి సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. అదీ అతని కోరిక. దానికి 'నిర్వహణ సిబ్బంది వృత్తి వికాస సదస్సు' అని పేరు పెట్టుకుని, రిజిస్ట్రారు చుట్టూ తిరగ్గా తిరగ్గా ఆయన మెత్తబడ్డారు.

"ఏడాదికోసారి పెట్టుకోవయ్యా. కానీ ఆ రోజు నీళ్లు రాలేదని ఒక్క కంప్లైంటు వచ్చినా, అదే ఆఖరిది."

గ్రూపులో వస్తామన్నవాళ్లు బోలెడంతమంది. వచ్చింది ముగ్గురు. ఒకరు శౌరి. ఇంకొకరు రాజమండ్రి వైపు హాస్టళ్లలో కరెంటు పనులు చూసే దయామణి. మూడోవారు, రిటైర్మెంటుకు దగ్గరపడిన లక్ష్మీనరసింహారావు, విశాఖ నుంచి.

ఇలాంటి మనుషులను చుట్టాలుగా పిలిస్తే ఒక చిక్కుంది. మిగతా చుట్టాలు కాఫీ కోసం చూస్తారు. వీళ్లు కుళాయిల వైపు చూస్తారు.

క్యాంపస్‌లో ఉన్నది ఒకటే మోటారు. పంపు గదిలో రెండు వాల్వులు. ఒకదాని నుంచి గెస్ట్‌హౌస్‌కీ, సెమినార్ హాలుకీ, రిజిస్ట్రారు బంగళాకీ నీళ్లు వెళతాయి. రెండోదాని నుంచి ఆడపిల్లల హాస్టలు ట్యాంకుకు. హాస్టలు ట్యాంకు ముందు నిండాలని గంగాధరం ఆ రోజు గెస్ట్‌హౌస్ వాల్వు సగం మూసి ముసునూరు వెళ్లాడు.

గెస్ట్‌హౌస్‌లో శౌరి కుళాయి తిప్పాడు. సన్నటి ధార. అతని ప్రాణం ఉసూరుమంది. చెబితే గంగాధరం చిన్నబుచ్చుకుంటాడని, చప్పుడు కాకుండా పంపు గది వెతుక్కుంటూ వెళ్లి, వాల్వు పూర్తిగా తిప్పి వచ్చి హాయిగా స్నానం చేశాడు.

రసాల బుట్టతో తిరిగొచ్చిన గంగాధరం అలవాటుకొద్దీ పంపు గదిలోకి తొంగిచూశాడు. "ఎవడ్రా దీన్ని ముట్టుకున్నది?" అని వాచ్‌మన్‌ను తిట్టుకుని, కోపంలో వాల్వు మొత్తం బిగించేశాడు. చుట్టాలకు ఈ సంగతి తెలియకూడదనుకున్నాడు. ఏమనుకుంటారు పాపం!

పదింటికి సభ మొదలైంది. గంగాధరం మైకు ముందు నిలబడ్డాడు. ముగ్గురూ తలెత్తి తన వైపే చూస్తున్నారు.

"ఆ వేసవిలో మా బోరు ఎండిపోయింది..."

సరిగ్గా అప్పుడే దయామణి కిటికీలోంచి హాస్టలు వైపు చూసింది. నీళ్లన్నీ అటే వెళుతున్నాయేమో, ట్యాంకు నిండి పొర్లిపోతోంది. "ఇంటికి ఫోన్ చేసొస్తానండీ" అని లేచి వెళ్లి మోటారు ఆపేసింది.

కాసేపటికి శౌరి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. హాల్లో కుళాయికి చుక్క లేదు. పంపు గదికి పోతే మోటారు ఆగి ఉంది. దానంతటదే ట్రిప్పయిందనుకుని ఆన్ చేశాడు. పొద్దున తను తిప్పిన వాల్వు వైపు మళ్లీ చూడలేదు. తన చేతి మీద అతనికి అంత నమ్మకం.

మళ్లీ ట్యాంకు పొర్లడం ఈసారి లక్ష్మీనరసింహారావు కంటబడింది. "బీపీ మాత్ర మరిచిపోయానయ్యా" అని లేచారు. మోటారు ఆపడం పాత పద్ధతి అని ఆయన అభిప్రాయం. అందుకని హాస్టలు వాల్వు కట్టేశారు.

దాంతో నీటికి రెండు దారులూ మూసుకుపోయాయి. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది.

వెళ్లిన ముగ్గురిలో ఒక్కరూ ఇంకా తిరిగి రాలేదు. హాల్లో గంగాధరం ఖాళీ కుర్చీల ముందు నిలబడి ఉన్నాడు. ఆ కుర్చీలు పొద్దున తను తుడిచి వేసినవే. వీళ్లకు కూడా విసుగొచ్చిందన్నమాట. ఇక ఈ లోకంలో ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు. మైకు ఆపబోతుండగా పంపు గది వైపు నుంచి ఢామ్మని చప్పుడు వచ్చింది.

వెళ్లేసరికి పైపు అతుకు విడిపోయి, క్లాంపు ఊడిపోయి, గదంతా వాన కురుస్తున్నట్టుంది. చప్పుడు విని చుట్టాలు ముగ్గురూ అప్పటికే అక్కడికి పరిగెత్తుకొచ్చారు.

"నేను వాల్వు తిప్పానండీ" అన్నాడు శౌరి.

"మోటారు ఆపింది నేను" అంది దయామణి.

"చెడగొట్టింది నేనయ్యా. చిన్నవాళ్లు మీకెందుకు?" అన్నారు లక్ష్మీనరసింహారావు, పెద్దరికం వదులుకోలేక.

ఎవరూ ఫోన్ చేయలేదు. రిజిస్ట్రారే వచ్చారు. లుంగీ మీద ఉన్నారు. నెత్తి నిండా నురగ.

"గంగాధరం! ఇదేనా నీ వృత్తి వికాసం? కళ్లు మండిపోతున్నాయయ్యా!"

"హాస్టలు ట్యాంకు నిండుగా ఉందండీ, రెండు బకెట్లు పంపిస్తాను..."

"పంపించు. ఈ సభలూ గిభలూ ఇంతటితో సరి. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది!"

ఆయన కళ్లు మూసుకుని తడుముకుంటూ వెళ్లిపోయారు. వాచ్‌మన్ బకెట్లతో వెనకాల పరిగెత్తాడు.

నలుగురూ మోటారు ఆపి, అతుకు తుడిచి, ఎమ్‌సీల్ ముద్ద కలిపి చుట్టూ కూరారు. గంటో గంటన్నరో, అది గట్టిపడేదాకా పైపు కదలకూడదు. నలుగురూ నాలుగు చోట్ల పట్టుకుని నిలబడ్డారు. బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"వచ్చే ఏడు ఇక లేదన్నమాట" అన్నాడు గంగాధరం.

"లేదుగా" అన్నాడు శౌరి. పైపు మీద పట్టు సరిచేసుకుని, "బోరు ఎండిపోయిందన్నారు. తర్వాతేమైంది?"

"మీకు విసుగొచ్చి వెళ్లిపోయారనుకున్నాను."

"అయ్యో రామా! ట్యాంకు పొర్లుతుంటే మీ మొహమ్మీద చెప్పడం ఎలాగా అని వెళ్లానండీ. చెవులు అక్కడే ఉన్నాయి నాకు" అంది దయామణి.

గంగాధరం గొంతు సవరించుకున్నాడు. పైపు వదలకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. చుట్టూ తోటల్లో మోటార్లు ఆగినప్పుడు మాత్రమే తన బోరులోకి నీరు ఊరుతోందని ఎలా కనిపెట్టిందీ, తోటల మోటార్లు ఎప్పుడాగుతాయా అని గట్టు మీద ఎలా కాచుకు కూర్చున్నదీ, హాస్టళ్లకు వంతులు ఎలా వేసిందీ అన్నీ చెప్పాడు.

"ఊట మొదలైనట్టు ఎలా తెలిసేదండీ? చప్పుడు మారేదా?" అన్నాడు శౌరి.

"మారేది. మొదట గాలి కక్కేది. తర్వాత..."

"గొంతు దిగేది."

"ఆఁ! అదే!"

లక్ష్మీనరసింహారావు కళ్లు మూసుకుని తలూపారు. గంగాధరం ఆ తల వైపు కాసేపు అలాగే చూశాడు.

"అంతా బానే ఉంది గానీ అన్నయ్యగారూ, ఆ రోజుల్లో మీరు అన్నం ఎప్పుడు తినేవారు?" అంది దయామణి.

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. గుర్తు చేసుకుని చెప్పాడు. ఆ తర్వాత దయామణి తన హాస్టల్లో కాలిపోయిన ప్యానెల్ సంగతి ఎత్తుకుంది. ఆమె అయ్యాక శౌరి, శౌరి తర్వాత పెద్దాయన. పొద్దు తోటల వెనక్కి దిగేదాకా ఒక్కరు కూడా పైపు మీది నుంచి చెయ్యి తీయలేదు.

ఆ ముద్ద ఎంతసేపట్లో గట్టిపడుతుందో తెలియనివాళ్లు ఆ నలుగురిలో ఎవరూ లేరు.