కొవ్వుకు సంజాయిషీ

మనిషి భూమికి భారమని పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఎన్ని కిలోలు దాటితే భారమో తేల్చే భారం మాత్రం 2006లో బహ్రెయిన్‌లో అవాలి దారిలో ఉన్న ఒక క్రేన్ల కంపెనీ మీద పడింది.

తొంభై ఐదు కిలోలు దాటిన ఆపరేటరుకు వీసా రెన్యువల్ లేదని నోటీసు పెట్టారు. (క్రేను యాభై టన్నులెత్తుతుంది. ఆపరేటరు తొంభై ఆరో కిలో దగ్గర మాత్రం దానికి నడుం పట్టేస్తుందట.) అమలు బాధ్యత 'శరీర భార పర్యవేక్షణాధికారి' జగ్గారావుది. కిందటి నెల దాకా ఆయన స్టోర్ కీపరు.

క్రేను ఆపరేటరు బుల్లబ్బాయికి పేరులోనే బుల్లితనం, తూకం నూట నాలుగు కిలోలు. అమలాపురం పక్క మనిషి. క్రేను పోతే ఊళ్ళో ఎత్తడానికి కొబ్బరికాయలు తప్ప ఏమీ లేవు. బరువు దాటినవాళ్ళు ఇవ్వాల్సిన సంజాయిషీ ఫారంలో 'అధిక బరువుకు కారణం' ఎదురుగా మూడే గడులున్నాయి: తిండి, బద్ధకం, రెండూ. ఏ గడిలో టిక్కు పెట్టాలన్నా అతనికి మనసొప్పలేదు. నెల రోజులు కడుపు మాడ్చుకుని క్యాంపు చుట్టూ నడిచాడు. ఒక కిలో వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే సెలవయ్యాక డ్యూటీకి తిరిగొచ్చింది.

కొవ్వు కరిగేలోగా వీసా కరిగిపోయేలా ఉందని మనామాలో డాక్టరు నాదియా దగ్గరికి పరిగెత్తాడు. ఆమె హైదరాబాదీ, ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో కొవ్వే లెప్టిన్ అనే హార్మోనును పంపి మెదడుకు 'చాలు' అని కబురు పెడుతుందట. కొందరి మెదడు లెప్టిన్‌ను లెక్కచెయ్యదట. తిండి మానేస్తే ఘ్రెలిన్ అనే ఇంకో హార్మోను ఆకలిని రెచ్చగొడుతుందట. ఈ తీరు చాలావరకు అమ్మానాన్నల నుంచే వస్తుందట.

"అర్థమైందండి," అన్నాడు బుల్లబ్బాయి. "నా మెదడు మా వైపు పెళ్ళిలో వడ్డించే మనిషండి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటే, మొహమాటపడుతున్నారని ఇంకో గరిటె వేస్తాడండి."

"మా ప్రొఫెసర్ గూడ ఇంత మంచిగ చెప్పలే భాయ్," అని ఆమె ఇంగ్లీషులో ఉత్తరం రాసిచ్చింది: కారణం, తండ్రి వైపు జీన్స్.

జగ్గారావు ఆ స్పెల్లింగు తప్పనుకుని, ఎర్రసిరాతో ప్యాంటు జీన్స్‌గా దిద్దాడు. బరువుకు కారణమైన తండ్రి జీన్స్‌ను పరీక్ష నిమిత్తం ఆఫీసులో జమచెయ్యాలని మెమో ఇచ్చాడు.

"మా నాన్న జన్మలో పేంటు తొడగలేదండి. పంచేనండి."

"అయితే పంచె పట్రా. బదులు వస్తువు కింద రాసుకుంటాను."

డాక్టరు రెండో ఉత్తరం రాయాల్సి వచ్చింది. జీన్స్ అంటే బట్ట కాదు, పుట్టుక అని. జగ్గారావు మూడు రోజులు రూల్సు తిరగేసి, బుల్లబ్బాయిని పిలిచి కుర్చీ వేశాడు.

"నీ తప్పు ఇసుమంత కూడా లేదు బుల్లబ్బాయ్. తిండి కాదు, బద్ధకం కాదు. పుట్టుకే."

బుల్లబ్బాయి రెండు చేతులూ జోడించబోయాడు. జగ్గారావు స్టోర్స్ రూలు పద్నాలుగు తెరిచాడు. వాడకంలో చెడిన సరుకుని బాగుచేయించుకోవచ్చు. తయారీలోనే లోపమున్నదాన్ని తయారైన చోటికి తిప్పి పంపాలి.

"పోనీ, తిండిపోతునని రాసిస్తానండి."

"అలా రాసిచ్చిన ఆపరేటరు ముత్తన్నకి తగ్గడానికి ఆర్నెల్లు గడువిచ్చాం. నువ్వు సైన్సు తెచ్చావు కదా."

వారం తిరక్కుండా బుల్లబ్బాయి కాగితాల మీద 'తయారీ లోపం, వాపసు' అని ముద్ర పడింది. ప్యాకింగు మాత్రం సరుకునే చేసుకోమన్నారు.