పంతొమ్మిదో నంబరు పానా

దేవుడు మనుషులందరికీ పదేసి వేళ్లిచ్చి, పనితనం మాత్రం కొందరి వేళ్లలోనే ఎందుకు పెట్టినట్టు? గుమస్తా ఈ సందేహాన్ని ఎనిమిదేళ్లుగా మోస్తున్నాడు. భక్తిపరుడు కాబట్టి దేవుణ్ణి నిలదీయలేదు. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని లేచేటప్పుడు మాత్రం, పెట్టినవాడివి పోయిపోయి మా తోడల్లుడి వేళ్లలోనే పెట్టాలా అని మనసులో ఒక ముక్క కలిపేవాడు.

తోడల్లుడంటే భార్య అక్కగారి భర్త, ఒక గోదాములో సూపర్‌వైజరు. వచ్చినప్పుడల్లా గుమస్తా మోటారుసైకిలు చైను బిగించి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు. గుమస్తా భార్య, మా బావ చెయ్యి పడితే చాలు అంటూ మొదటి గరిటె ఆయనకే వడ్డించేది. రెండో గరిటె కోసం చూసే ఆ అర నిమిషంలో గుమస్తాకు కడుపు రెండు విధాల మండేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కాబావలు భోజనానికి వస్తున్నారు. చైను మళ్లీ వదులైంది. బండి కదిలితే చాలు, టకటకమని కొట్టుకుంటోంది.

"బావ వస్తున్నాడుగా, చూస్తాడు లెండి. మీరు ముట్టుకోకండి" అంది భార్య కూరగాయలు తరుగుతూ.

ఆ చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఒంటిగంటలోపు తన చేత్తోనే చైను బిగించి, బండి తుడిచి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుని తోడల్లుడికి స్వాగతం చెప్పాలని గుమస్తా నిశ్చయించుకున్నాడు. ఈ ఒక్కపూటైనా ఆ మెచ్చుకోలు తన పేరు మీద వినపడాలి.

చైను బిగించాలంటే ముందు వెనక చక్రం నట్టు వదులు చెయ్యాలని ఎనిమిదేళ్లుగా చూసి చూసి నేర్చుకున్నాడు. ఏ సైజు పానాతో అన్నది మాత్రం చూడలేదు. ఆ సమయంలో ఆయన చూపంతా తోడల్లుడి మొహం మీదే ఉండేది.

ఆఫీసు సంచిలోంచి స్కేలు తీసి, నట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొనను కొలిచాడు. సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు. వీధి చివర ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లి పన్నెండో నంబరు పానా అడిగాడు. దేనికండీ అని కొట్టాయన అడిగితే, నాకు తెలుసులే అన్నట్టు నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి పెట్టి చూస్తే, పానా నోట్లో ఆ నట్టు మూల కూడా దూరలేదు. పానా మీద అంకె తప్పు పడిందని ధ్రువపరుచుకుని మళ్లీ కొట్టుకు వెళ్లాడు. కొట్టాయన పానాను, స్కేలును, గుమస్తాను వరసగా చూశాడు.

"మీరు కొలిచింది బోల్టునండీ. పానా పట్టుకునేది నట్టును. పోయి నట్టు చుట్టూ తీగ చుట్టి, ఆ చుట్ట పట్రండి, దానికి సరిపోయేది ఇస్తా. పన్నెండింటికి కొట్టు కట్టేస్తా, తొందరగా రండి."

గుమస్తా పరుగున వచ్చి, పాత వైరులోంచి రాగితీగ లాగి, నట్టు చుట్టూ చుట్టి, కొసలు మెలేసి తీశాడు. గుండ్రంగా, ఎర్రగా మెరుస్తూ వచ్చింది. దాన్ని చొక్కా జేబులో వేసి, చొక్కా కొక్కేనికి తగిలించి, చేతుల జిడ్డు వదిలించుకోవడానికి పెరట్లోకి వెళ్లాడు. జిడ్డు ఓ పట్టాన వదల్లేదు.

ఈలోగా భార్య ఉతకడానికని చొక్కా తీసింది. జేబులో తీగ చుట్ట తగిలింది. ఉంగరం కొలతకు చుట్టినట్టుంది. వేలికి పెట్టి చూసుకుంది. కాస్త వదులే, కానీ మగవాడి అంచనా అంతకన్నా దగ్గరగా ఎక్కడుంటుంది? పొద్దుటి నుంచీ ఈయన చెప్పాపెట్టకుండా రెండుసార్లు బయటికెళ్లి రావడం గుర్తొచ్చింది. కొట్ల వీధిలో నగలు చేసేవాళ్లూ ఉన్నారు. చుట్టను జేబులోనే పెట్టి, చొక్కా కొక్కేనికే తగిలించి, నిలవలేక అక్కకు ఫోను చేసింది.

గుమస్తా పెరట్లోంచి వచ్చేసరికి, అడక్కుండానే టీ గ్లాసు ఎదురొచ్చింది. బయల్దేరబోతే ఎండలో జాగ్రత్తండీ అన్న మాట కూడా వచ్చింది. నట్టును కొలిచినందుకే ఇంత మర్యాద అయితే, బిగించాక ఇంకెంతో అనుకునేసరికి ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగింది. టీ నిదానంగా తాగాడు. వెళ్లేసరికి కొట్టు కట్టేసి ఉంది.

ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి అక్కాబావలు ముందే దిగి ఉన్నారు. వదినగారు మొగుడి వంక చూడకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్లిపోయింది. తోడల్లుడు మాత్రం మోటారుసైకిలు పక్కన, జ్వరం తగిలినవాడిలా మెట్టు మీద కూర్చున్నాడు.

"తమ్ముడూ, నీకు నేనేం అపకారం చేశానయ్యా?" అన్నాడు. "ఉన్నట్టుండి మరదలికి ఉంగరం ఏమిటి? ఆ ఫోనొచ్చిన దగ్గర్నుంచి మీ వదిన నాతో మాట్లాడితే ఒట్టు. దారంతా నన్ను తగలకుండా వెనక్కి జరిగి కూర్చుంది."

"ఏ ఉంగరం అన్నయ్యా?"

సంగతి విని గుమస్తా బిత్తరపోయి, జేబులోంచి తీగ చుట్ట తీసి నట్టుకు తొడిగి చూపించాడు. తోడల్లుడు నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఎందుకో ఆగిపోయాడు. లేచి, తన బండి పెట్టెలోంచి ఒక పానా తెచ్చి నట్టుకు పెట్టాడు. తాళంలో చెవి కూర్చున్నట్టు కూర్చుంది. దాని మీద పంతొమ్మిది అని ఉంది.

"ఇది నీదేనయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు బండి కొన్న కొత్తలో, నీ సీటు కింద సంచిలోంచే తీసి చైను బిగించా. పొరపాటున జేబులో పడేసుకుని వెళ్లిపోయా. తిరిగిద్దామనుకునేలోపు మరదలు నన్ను నలుగురిలో పనిమంతుడని పొగిడింది. నాకొచ్చిన రిపేరు ఇదొక్కటే తమ్ముడూ. మా ఇంట్లో పొద్దున లేస్తే మీ వదిన నోట ఇదే మాట, మా మరిది దస్తూరి చూడండి, మా మరిది ఓర్పు చూడండి. నీ పేరు వింటే నాకు ఒళ్లుమంట."

తనను చూసి కూడా ఒళ్లు మండేవాడు ఒకడున్నాడన్న మాట, ఎండలో నడిచొచ్చిన గుమస్తాకు చల్లటి మజ్జిగలా దిగింది. పానా అందుకుని నట్టు వదులు చేశాడు. తోడల్లుడు చక్రం వెనక్కి లాగి పట్టుకుంటే, గుమస్తా తన చేత్తో నట్టు బిగించాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా చెమట తుడుచుకున్నారు.

అన్నానికి పిలవడానికి అక్కాచెల్లెళ్లు బయటికొచ్చారు. నేల మీద చక్రం పక్కనే పడున్న రాగి చుట్టను భార్య చూసింది. అది నట్టు కొలతకు చుట్టిన తీగేనని గుమస్తా ఉన్నదున్నట్టు చెప్పాడు. వదినగారి మొహం విచ్చుకుంది. వచ్చి భర్త పక్కన నిలబడింది. భార్య చుట్టను తీసి, నలిపి, గుప్పిట్లో దాచుకుంది.

"అక్క దగ్గర చెప్పుకోడానికి నాకూ ఒకటి దొరికిందనుకున్నా" అంది మెల్లగా.

గుమస్తా పానాను బండి సీటు మీద పెట్టి తల దించుకున్నాడు. ఈ ఇంట్లో అసూయపడేది తానొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

గుమస్తా మొహం చూసి తోడల్లుడికి ప్రాణం ఉసూరుమంది. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుని, పానాను రెండు చేతులా తీసుకుని అందరి ముందూ చాపాడు.

"అమ్మాయ్, ఇది మీ ఆయనదే. ఎనిమిదేళ్ల కిందట పట్టుకెళ్లా. ఇవాళ తిరిగిచ్చేస్తున్నా. నాకు పనీ రాదు, పాడూ రాదు."

భార్య కళ్లు చెమర్చాయి. అక్క వైపు తిరిగి, "చూశావా అక్కా? ఈయన చిన్నబోయాడని, బావ తన పానా ఇచ్చేసి అది ఈయనదేనంటున్నాడు. పైగా పనే రాదంటున్నాడు. ఎంత మనసు" అంది.

తోడల్లుడు ఒట్టేశాడు. ఒట్టేసిన కొద్దీ ఆవిడకు ఆయన మీద గౌరవం పెరుగుతూ పోయింది. గుమస్తా ఏదో అనబోయాడు.

"మీరలా నిలబడి చూస్తారేమండీ? బావకు థాంక్స్ చెప్పండి."

గుమస్తా థాంక్స్ చెప్పి, తన పానా తాను పుచ్చుకున్నాడు.