ల్యాంప్ రూమ్ చుట్టూ మూడు ప్రదక్షిణలు

ఆ శనివారం ఉదయం రానల్డ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిళ్ళ గుంపుకు చిట్టచివర ఉండాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. గుంపు చివర ఉండేవాడు వెనకబడిన వాళ్ళను కనిపెట్టుకుని ఉండాలి. ఇది గౌరవంగా ఒంటరిగా ఉండటానికి మంచి వంక అని అతను ఏనాడో గ్రహించాడు.

కేప్ బ్రెటన్ తీరంలో పోర్ట్ ఆర్డెన్ అనే ఊరికి బొగ్గు గనులు మూతబడ్డాక మిగిలినవి సముద్రం, గాలి, పట్టాలు పీకేసిన రైలుకట్టలు. కట్టల మీద కంకర మాత్రం అలాగే ఉండిపోయింది. లావు టైర్ల గ్రావెల్ సైకిళ్ళు వచ్చాక ఆ కంకర కోసం హాలిఫాక్స్ నగరం నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. ఏ కట్ట ఎక్కడ సముద్రంలోకి కూలిందో, ఏ బొగ్గు రేవు పక్కనుంచి సందు ఉందో రానల్డ్‌కే తెలుసు. అతను ముందుగా ఒక్కడే తొక్కి వచ్చి, ఆ దారిని జీపీఎస్ గీతగా అందరికీ పంపిస్తాడు. మిగతావాళ్ళు హ్యాండిల్ మీది చిన్న తెరలో గీతను చూసుకుంటూ వస్తారు. ఎదురుగా గుంత కనిపిస్తున్నా, గీత పొమ్మంటే పోతారు.

ఈసారి గీత గీసిన మంగళవారం నాడు రానల్డ్ మనసు దారి మీద లేదు. ఎఫీ మీద ఉంది. ఎఫీ భర్త పోయాక, ఊరి చివర పాత గని ల్యాంప్ రూమ్‌ను ఇల్లుగా మార్చుకుని ఉంటోంది. ఒకప్పుడు గనిలోకి దిగేవాళ్ళు దీపాలు తీసుకున్న చోట ఇప్పుడు ఆమె వంటగది. చుట్టూ బొగ్గునుసి పరిచిన బాట, దాని పక్కన బట్టల తీగ. చర్చి హాల్లో విందు జరిగిన రోజున, ఇద్దరూ పక్కపక్కన నిలబడి పళ్ళాలు కడుగుతుంటే, "ఎప్పుడైనా టీకి రా రానల్డ్" అంది. 'ఎప్పుడైనా' అన్న మాటను అతను వసంతమంతా పరిశీలించాడు.

మంగళవారం టీలోకి ఓట్‌కేకుల డబ్బా పట్టుకుని సైకిల్ మీద బయల్దేరాడు. తీరా ఇంటి ముందుకు వెళ్ళాక చిక్కు వచ్చింది. ఆ ఊళ్ళో ముందు తలుపు తట్టేది పాదిరి, పోలీసు, ఓట్లడిగేవాళ్ళు. అయినవాళ్ళు వెనక వంటింటి తలుపు తోసుకుని వస్తారు. ముందు తలుపు తడితే తాను పరాయివాడినని తానే ఒప్పుకున్నట్టు. వెనక తలుపు తోస్తే, ఆమె ఇంకా అడగని ప్రశ్నకు తానే జవాబు చెప్పేసినట్టు. ముందు నుంచి వెనక్కి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఇల్లు చుట్టుకుని మళ్ళీ ముందుకు వచ్చాడు. మూడో చుట్టులో కిటికీ తెర కదిలినట్టనిపించి, భయపడి సైకిల్ ఎదురు తిప్పాడు. చివరికి ఓట్‌కేకులన్నీ సముద్రం ఒడ్డున కూర్చుని తనే తినేశాడు. హ్యాండిల్ మీది జీపీఎస్ ఆ సేపంతా నడుస్తూనే ఉంది. శుక్రవారం ఆ గీతనే, తెరిచి చూడకుండా, గుంపుకు పంపించాడు.

శనివారం ముందు వరసలో ఉన్నవాడు పంప్ డంకన్. వాళ్ళ తాత గనిలో పంపు నడిపాడు కాబట్టి ఆ పేరు మనవడిదాకా వచ్చింది. తెలియదు అని చెప్పడం డంకన్‌కు చేతకాని పని. ల్యాంప్ రూమ్ దగ్గరికి రాగానే అతని జీపీఎస్ ఎడమకు తిరగమంది. తిరిగాడు. అతని వెనక నలభై సైకిళ్ళు తిరిగాయి.

రానల్డ్‌కు దూరం నుంచే దుమ్ము కనిపించింది. విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తన పిరికితనానికి ఇంత స్పష్టమైన ఆకారం ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. నలభై మంది దాన్ని వంపు వంపుగా తొక్కుతున్నారు.

"ఆగండి! అది దారి కాదు!" అని అరిచాడు.

ఒకడు ఆగబోయాడు. వాడి జీపీఎస్ దారి తప్పావని కీచుమంది. వాడు బెదిరిపోయి మళ్ళీ గీత మీదికి ఎక్కాడు.

మూడో చుట్టులో గీత ఎదురు తిరిగింది. ముందున్న డంకన్ వెనక్కి తిరిగేసరికి, ఇంకా రెండో చుట్టులోనే ఉన్న గుంపు తోక అతనికి ఎదురొచ్చింది. పక్కకు తప్పుకున్న వాళ్ళందరూ బట్టల తీగ మీద పడ్డారు. డంకన్ తలమీద దుప్పటి కప్పుకుని, ఏమీ కనపడకపోయినా, జీపీఎస్ కూతల్ని బట్టి చుట్టు పూర్తి చేశాడు.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఎఫీ చేతిలో గరిట ఉంది.

"ఎవరయ్యా ఈ దారి గీసింది?"

నలభై చేతులు రానల్డ్‌ను చూపించాయి.

హాలిఫాక్స్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ డంకన్‌ను అడిగింది. "అవునండీ, ఈ ఇంటి చుట్టూ ఎందుకు తిరిగాం?"

డంకన్ తలమీది దుప్పటి తీసి మడత పెట్టాడు. ఆ మడత పెట్టేంతలో అతనికి కథ దొరికింది. "అది పాత ఆచారమమ్మా. గనిలోకి దిగే ముందు దీపం పట్టుకుని దీని చుట్టూ తిరిగేవాళ్ళు. రెండు చుట్లు లోపలికి వెళ్ళడానికి. మూడోది ఎదురు చుట్టు, క్షేమంగా తిరిగి రావడానికి. మా తాత ఒక్కరోజు కూడా మానలేదు."

డాక్టరమ్మ హెల్మెట్ తీసి గుండెలకు ఆనించుకుంది. ఆమెను చూసి అందరూ తీశారు. రానల్డ్ నోరు తెరిచాడు. ఆచారం కాదని చెప్పడం తేలికే. కాకపోతే మరేమిటి అని అడుగుతారు.

"అలాగా!" అంది ఎఫీ, డంకన్‌ను కాక రానల్డ్‌ను చూస్తూ. "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉన్నాను, నాకే తెలీదు చూడు."

ఆ కథ సైకిళ్ళ కంటే ముందే ఊళ్ళోని గని మ్యూజియం చేరింది. మ్యూజియం చూసుకునే బెర్నడెట్ ఊరి కౌన్సిలర్ కూడా. తన ఊరి ఆచారం తనకు తెలియకపోవడం ఆమెకు చిన్నతనంగా అనిపించింది. "తెలీకపోవడమేంటి! మా తాతయ్య కూడా తిరిగేవాడు" అనేసింది. ఒకసారి అన్నాక తాతయ్య తిరగడం ఆమె కళ్ళకు కనిపించింది కూడా. సాయంత్రం చర్చి హాల్లో చేపల సూప్ పెడుతున్నప్పుడు ఆమె లేచి, ల్యాంప్ రూమ్ ముందు బోర్డు పెడతామనీ, బాట వెడల్పు చేస్తామనీ, వేసవి అంతా యాత్రికులను తెస్తామనీ ప్రకటించింది.

"నీకేం అభ్యంతరం లేదుగా ఎఫీ?"

"నన్నడుగుతావేం? దారి గీసిన మనిషి అక్కడున్నాడు."

రానల్డ్ చెంచా కింద పెట్టాడు. ఊరుకుంటే ఆమె ఇల్లు సంత అవుతుంది. నోరు విప్పితే, తాను ఇన్నేళ్ళూ గుంపు చివర దాక్కుని కాపాడుకున్నదంతా ఈ బల్లల మీద పరిచినట్టవుతుంది. లేచి నిలబడ్డాడు.

"అది ఆచారం కాదు," అన్నాడు. "మంగళవారం ఎఫీ గారింటికి టీకి వెళ్ళాను. ఏ తలుపు దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోలేక తిరిగాను. మూడోసారి భయమేసి ఎదురు తిరిగాను. అంతే."

రానల్డ్ నవ్వుల కోసం ఎదురుచూశాడు. వాటికి సిద్ధపడే లేచాడు కూడా.

"ఒరేయ్," అన్నాడు డంకన్ బాధగా, "దారులు గీస్తావు, ఒప్పుకుంటాం. అంతమాత్రాన ఊరి చరిత్రనే నీ ఖాతాలో వేసుకుంటావట్రా?"

"మా తాతయ్య తిరిగిన చుట్లు నువ్వు మొన్న మంగళవారం కనిపెట్టావా?" అంటూ బెర్నడెట్ అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"చచ్చిపోయిన వాళ్ళ మీద జోకులేంటండీ," అంది పళ్ళ డాక్టరమ్మ.

రానల్డ్ కూర్చున్నాడు. జీవితమంతా దాచుకున్న నిజం తీరా బయటపెడితే, పుచ్చుకునేవాళ్ళే లేరు. అతనికి ముందు అవమానంగానూ, తర్వాత విచిత్రంగా తేలికగానూ అనిపించింది. ఖాళీ గిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాడు. అక్కడ ఎఫీ పళ్ళాలు కడుగుతోంది. పక్కకు జరిగి అతనికి తుడిచే గుడ్డ అందించింది.

"మీరు కూడా నమ్మలేదా?" అన్నాడు.

"నేను నమ్మకపోవడమేంటి? నువ్వు ముందుకొస్తే ముందు తలుపు దగ్గరికి పరిగెత్తాను. వెనక్కొస్తే వెనక్కి. పొయ్యి మీద నీళ్ళు మూడుసార్లు మరిగాయి. తెర కదిపింది నేనే. నువ్వు బయట తిరిగావు, నేను లోపల తిరిగాను." ఒక పళ్ళెం అతని చేతిలో పెట్టింది. "వంటింటి తలుపుకి గడియ లేదు రానల్డ్. ఎప్పుడూ లేదు."

"ఎప్పుడు రమ్మంటావు?"

"ఎప్పుడైనా అని చెప్పాను, ఏమైంది? రేపు నాలుగింటికి రా."

బోర్డు జూన్‌లో వెలిసింది. బాటను వెడల్పు చేశారు, బట్టల తీగను అవతలికి మార్చారు. యాత్రికులు హెల్మెట్లు తీసి, భక్తిగా రెండు చుట్లు ఇటు, ఒక చుట్టు అటు తిరుగుతున్నారు. వంటింటి తలుపు దగ్గర రోజూ ఒక సైకిల్ నిలిపి ఉండి, ప్రాచీన ఆచారానికి అడ్డం వస్తోందని కౌన్సిల్ రానల్డ్‌కు ఇప్పటికి రెండు నోటీసులు పంపింది.