మాస్టారి హస్తవాసి

భార్య నాటిన గులాబీ చనిపోయిన రోజున ఇంగ్లీషు మాస్టారు పొద్దున్నే అనుకున్న పనులు చిన్నవే. మొక్కకు నీళ్ళు పోయాలి, చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, సాయంత్రం హాస్టల్ నుంచి వచ్చే కూతురి గది ఊడవాలి. నీళ్ళు పట్టుకుని వెళ్ళి చూస్తే కొమ్మలన్నీ నల్లబడి ఉన్నాయి. ఆవిడ పోయిన నాటి నుంచి, దిగులు పుట్టినప్పుడల్లా ఆయన ఆ మొక్కకు నీళ్ళు పోస్తూ వచ్చారు. దిగులు తరచుగానే పుట్టేది. వేళ్ళు కుళ్ళిపోయాయి.

కూతురు ఫోన్ చేస్తే ముందు అడిగేది అమ్మ మొక్క గురించే. మాస్టారు ఒక ఎండుకొమ్మను సంచిలో వేసుకుని నర్సరీకి పరుగెత్తారు. అచ్చు అలాంటిదే దొరికింది, అంచున ఎరుపు తిరిగిన పసుపు గులాబీ. తెచ్చి అదే కుండీలో పెట్టారు.

కూతురు వచ్చీ రాగానే కుండీ ముందు కూలబడింది. "అమ్మ ఉన్నప్పుడు కూడా ఇంత కళగా లేదు! నీవి గ్రీన్ ఫింగర్స్ నాన్నా!"

"ఆ మాట ఎవరికి పడితే వాళ్ళకి వాడకూడదమ్మా," అన్నారు మాస్టారు, అలవాటు కొద్దీ. "ఏ మొక్కని ముట్టుకున్నా బతికించేవాళ్ళకే వాడాలి. వైద్యుడికి హస్తవాసి అంటామే, అలాగ."

"నేనన్నదీ అదేగా!"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూశాక ఆయన నిజం చెప్పడం మానుకున్నారు.

కూతురు ఈ సంగతి ఎదురింటి పిన్నికి చెప్పింది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడే వాడిపోయిన క్రోటన్‌తో గుమ్మంలో నిలబడింది. "మీ చేతుల్లో పెట్టి పోతున్నా మాస్టారూ, ఇక దాని అదృష్టం."

దాని అదృష్టం బాగాలేదు. మళ్ళీ నర్సరీకి పరుగు. నిగనిగలాడే కొత్త క్రోటన్‌ను చూసుకుని పిన్ని వీధంతా చాటింది. ఆ చాటింపు బళ్ళో హెడ్మిస్ట్రెస్ చెవిన పడింది. ఆవిడ తన గదిలోని మచ్చల ఆకుల మొక్కను అప్పగించింది. అదీ పోయింది. ఆ జాతి నర్సరీలో లేదు. ఫ్యాన్సీ షాపులో ఉంది, ప్లాస్టిక్‌ది.

హెడ్మిస్ట్రెస్ పొంగిపోయి రోజూ దానికి నీళ్ళు పోసింది. "ఒక్క ఆకు రాల్లేదంటే చూడండి! రేపు ప్రార్థన అయ్యాక కొమ్మ కత్తిరించి నాటడం ఎలాగో పిల్లలకి చూపించండి."

"వద్దు మేడమ్, అది తట్టుకోలేదు..."

"మరీ అంత సుకుమారం పనికిరాదు మాస్టారూ!"

మర్నాడు బడంతా చూస్తుండగా కత్తెర పడింది. కొమ్మ తెగలేదు. గట్టిగా నొక్కితే ఆకుపచ్చ తొడుగు ఊడి లోపలి ఇనుప తీగ బయటపడింది. ముందు వరుస నవ్వింది, ఆ తర్వాత బడంతా. హెడ్మిస్ట్రెస్ చేతిలోని నీళ్ళ జగ్గును మెల్లగా వెనక్కి దాచుకుంది.

"మరి నా మొక్క?"

"పోయిందండీ."

"ఎదురింటావిడది?"

"అదీ పోయింది."

"మీ ఇంట్లో గులాబీ?"

మాస్టారు ఊడిన తొడుగును మళ్ళీ తీగకు ఎక్కించబోయారు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

సాయంత్రం ఆవిడకు వేరే మొక్క కొనడానికి వెళ్తే, జరిగింది విని నర్సరీ యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోనీలెండి. పసుపు గులాబీ ఒకటి పక్కన పెట్టి ఉంచా, అది కూడా పట్టుకెళ్ళండి. ఈపాటికి మీ ఇంట్లోది పోయుంటుంది."

"ఇంకా పోలేదు. పోయేట్టుంది. నీకెలా తెలుసు?"

"తెలియకేమండీ! అమ్మగారు ఏటా పట్టుకెళ్ళేవారు. మీతో అనొద్దనేవారు. పెళ్ళైన కొత్తలో మీరు కొనిచ్చిందట కదా, చచ్చిపోయిందంటే బాధపడతారని."

మాస్టారు కుండీల మధ్య గట్టు మీద కూర్చుండిపోయారు. ముందు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. కాసేపటికి అది నవ్వో కాదో తెలియక నర్సరీ యజమాని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

కొత్త గులాబీ అదే కుండీలో ఉంది. కూతురికి చెప్పవలసినవి ఇప్పుడు రెండయ్యాయి. ఒక్కటీ ఇంకా చెప్పలేదు.