గల్లీకంతా ఒకటే నంబరు

ఆ రోజు పొద్దున వెంకటేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. బిడ్డ నీలను ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్లి డిగ్రీ దరఖాస్తు పెట్టించడం, ఎండ ముదరకముందే తిరిగొచ్చి మగ్గాలు నడుపుకోవడం. సిరిసిల్లలో సేటు ఇచ్చే నూలు మీద బతికే ఆసామికి అంతకన్నా పెద్ద పథకాలు వేసే తీరిక ఉండదు.

నీలకు మాత్రం ఆ రోజు మీదే ప్రాణమంతా. ఇంటర్ ల్యాబులో అద్దకాల మురుగు పారే మోరీ నీటి చుక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పటి నుంచి ఆ పిల్లకు మైక్రోబయాలజీ పిచ్చి పట్టింది. ఆ కోర్సూ హాస్టలూ ఉన్న సర్కారు మహిళా కాలేజీ హైదరాబాదులో ఉంది. నర్సింగు సీటు వస్తుందేమో ఆగమని చుట్టాలంతా ఆపగా, చివరికి దరఖాస్తుల ఆఖరి రోజు రానే వచ్చింది. ఆడపిల్లను పట్నం పంపుతాడట అని గల్లీ బుగ్గలు నొక్కుకుంది. నీల తల్లి శంకరవ్వ అన్నం మీద అలిగింది. వెంకటేశం ఎవరి మాటా వినలేదు. పుట్టిన తర్వాత మొదటిసారి మొండికేశాడు, పాపం.

సెంటరు నడిపే మొహసిన్ మార్కుల మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ చూసి భేష్ అన్నాడు. ఆధార్‌కు లింకున్న ఫోనుకు ఓటీపీ వచ్చింది, చెప్పమన్నాడు. వెంకటేశం ఫోను కిక్కురుమనలేదు. తెర మీద నంబరు చివరి అంకెలు చూసి నీలే గుర్తుపట్టింది. అది శ్యాంసుందర్ నంబరు.

ఇక్కడ ఆ గల్లీ ఘనత కొంచెం చెప్పాలి. అక్కడ ఆధార్ ఫొటోలు దిగిన రోజుల్లో శ్యాంసుందర్ సేటు దగ్గర గుమస్తా. నూలు వచ్చిందని చెప్పేది అతనే, బట్ట ఎప్పుడు తేవాలో చెప్పేది అతనే. ఫోనున్న మనిషి అంటే అతనే. అందుకని ఇంటింటి వాళ్లూ ఆధార్‌లో అతని నంబరే రాయించారు. సర్కారుకు ఏదైనా పనిబడితే అతనే వచ్చి చెబుతాడులే అనుకున్నారు. గుమస్తా కొలువు పోయాక అతను కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి పిల్లలను పట్టుకొచ్చే పనిలో కుదిరాడు. నంబరు మాత్రం మార్చలేదు. ఎందుకు మారుస్తాడు?

వెంకటేశం ఫోను చేస్తే శ్యాంసుందర్ ఎంతో ప్రేమగా మాట్లాడాడు. ఓటీపీలు ఫోనులో చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటున్నాయనీ, కోరుట్లకు వచ్చెయ్యమనీ అన్నాడు. తండ్రీకూతుళ్లు బస్సెక్కారు. కోరుట్లలో దిగేసరికి ఆయనగారు జగిత్యాలలో మీటింగులో ఉన్నాడట. మళ్లీ బస్సెక్కారు. చివరికి జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు మెట్ల మీద దొరికాడు. మర్యాదగా చాయ్ తాగించాడు, ఓటీపీ చెప్పాడు. నీల తన ఫోనులో అది కొట్టి లోపలికి వెళ్లగానే, ఆమె పేర దరఖాస్తు ఇదివరకే ఉందని తేలింది. కోరుట్ల కాలేజీ, బీకాం కంప్యూటర్స్. రెండో ఆప్షన్ లేనే లేదు.

"గిది నువ్వు పెట్టినవా?" అని అడిగాడు వెంకటేశం.

"నేనే పెట్టిన అన్నా. రిజల్ట్ జూడుమని హాల్‌టికెట్ నంబరు నువ్వే పంపితివి గదా. గల్లీ పిల్లలందరికీ పెట్టిన, ఆగం గావద్దని."

అతని ముఖంలో సిగ్గు లేదు సరికదా, మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాడు. వెంకటేశానికి ఒళ్లు మండిపోయింది. నీల అరవలేదు. ఆప్షన్ మార్చుకుంటానని, ఇంకో ఓటీపీ వస్తుంది చెప్పమని అడిగింది. శ్యాంసుందర్ అయిష్టంగానే ఫోను తీసి సరేనన్నాడు. నిజంగానే చెప్పేవాడేమో.

వెంకటేశం ఆ అవకాశం ఇవ్వలేదు. అతని చేతిలోంచి ఫోను గుంజుకుని, తానే చదువుతానన్నాడు.

ఆఖరి రోజు కదా, అదే సమయానికి సిరిసిల్లలో గల్లీ పిల్లలంతా సెంటర్ల ముందు కూర్చుని ఉన్నారు. అందరి ఓటీపీలూ ఆ ఫోనుకే, ఏది ఎవరిదో రాసి ఉండదు. టింగుమనగానే వెంకటేశం గట్టిగా చదివాడు, నీల కొట్టింది, తప్పంది సైటు. మళ్లీ టింగుమంది. మళ్లీ తప్పే. ఈలోగా ఎదురింటి రమ ఫోను చేసి, శ్యామన్నా, మా సునీల్ ఓటీపీ చెప్పమంది. వెంకటేశం కోపంలో కంటికి కనబడిన అంకెలు ఆమెకు అప్పజెప్పి పెట్టేశాడు. ఈసారి అవి నీలవి.

"ఫోను ఆయనకియ్యి బాపూ," అంది నీల. "ఆయనకు అలవాటున్నది."

ఇవ్వలేదు. ఇంకోటి చదివాడు. చాలాసార్లు తప్పు కొట్టారు, రేపు ప్రయత్నించండి అంది సైటు. రేపు ఆ సైటు ఎవరినీ లోపలికి రానివ్వదు.

బస్సులో నీల సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, వెంకటేశానికి ప్రాణం కొంచెం తేలికపడేది. వచ్చే ఏడు పెడదాం బిడ్డా అన్నాడు. ఏడాది ఇంట్లో ఉంటే అందరూ మాట్లాడేది పెళ్లి సంగతేనని ఇద్దరికీ తెలుసు.

అనుకున్నట్టే కోరుట్లలో సీటొచ్చింది. జీవశాస్త్రం చదివిన పిల్ల జమా ఖర్చుల క్లాసులో కూర్చుంది. శంకరవ్వ అలక మానింది. శ్యాంసుందర్ ఊరంతా తిరిగి, వెంకటేశన్న జగిత్యాల దాకా వచ్చి దగ్గరుండి ఆ సీటే ఖాయం చేయించుకున్నాడని చెప్పాడు. కాలేజీ వాళ్లు శాలువా కప్పి, ఆదర్శ తండ్రి అని గల్లీ మూల ఫ్లెక్సీ కట్టారు. పట్నం మాట ఎత్తినందుకు బుగ్గలు నొక్కుకున్న వాళ్లే వచ్చి, బిడ్డ మనసు విరగకుండా ఎంత తెలివిగా ఆపినవు అన్నారు. నీల ఆ మాటలన్నీ లోపలి గదిలోంచి విన్నది. నమ్మిందో లేదో వెంకటేశం అడగలేకపోయాడు.

మొన్న కథలాపూర్ నుంచి ఒకాయన బిడ్డను పట్నం పోకుండా ఆపే ఆ ఉపాయమేదో తనకూ చెప్పమని వచ్చాడు. తానేమీ చేయలేదనీ, చేసిందల్లా చెడగొట్టడమేననీ వెంకటేశం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మాత్రం వెంకటేశం వినయాన్ని మెచ్చుకుని వెళ్లాడు.